మెత్తని మడమ

పోయినవారం కథ టాక్సీ వెనకసీటులో ఆగింది. కూతురి ఒళ్లో దొర, దాని నాలుక సిరా రంగు. పక్కన బూట్ల మేస్త్రీ. ముందు కూర్చున్న డ్రైవరు రోడ్డు కంటే అద్దాన్నే ఎక్కువ చూస్తున్నాడు. "ఆపరేషన్‌కి ఒప్పుకుంటావా లేదా నాన్నా?" అని కూతురు మూడోసారి అడిగింది. మేస్త్రీ కిటికీలోంచి బయటికి చూస్తూ, "దాన్ని పోనియ్యమ్మా. మీ అమ్మ దగ్గరికి పోతానంటోంది" అన్నాడు.

దొర అంటే కుక్క. ఈ వారమే కథ పట్టుకున్నవాళ్ల కోసం చెబుతున్నాను. పొట్టి కాళ్లు, గుండ్రటి కళ్లు, ఎవరో అరచేత్తో నొక్కేసినట్టు చదునైన మొహం. ఆ పేరు పెట్టింది మేస్త్రీ భార్య. "ముక్కుమీద కోపం అంటారు. వీడికి కోపం పెట్టుకోడానికి ముక్కే లేదు, అయినా ఆ దర్జా చూడండి" అని నవ్వేది. ఆమె పోయి పద్నాలుగు నెలలైంది. ఆమె పోయిన రోజు నుంచి దొర ఆమె ఎడమకాలి చెప్పును నోట కరుచుకుని తప్ప పడుకోవడం లేదు. ఆ చెప్పు మేస్త్రీ తన చేత్తో కుట్టి ఇచ్చింది.

ఈ సంగతి వాళ్ల వీధిలో తెలియనివాళ్లు లేరు. బూట్లకి కొలతలు ఇవ్వడానికి వచ్చినవాడు కాలు చాపేలోపే మేస్త్రీ మొదలుపెట్టేవాడు. మనుషులు నెల తిరక్కుండానే మరిచిపోతారయ్యా, నోరులేని జీవం మరవలేదు చూడు, అనేవాడు. వచ్చినవాళ్లు నిజమే అని తలూపి, పాపం అని దొర వీపు నిమిరి వెళ్లేవాళ్లు. ఇంట్లో ఆమె కోసం ఏడ్చేది తనొక్కడే కాదన్న ఆ మాట మీదే మేస్త్రీ ఈ పద్నాలుగు నెలలూ బతికాడు. అందుకే నిన్న షాపులో తోలు కుప్ప పక్కన దొర కూలబడిపోతే అతను భయపడలేదు. అసూయపడ్డాడు. కూతురికి ఒళ్లు మండింది అందుకే.

పశువుల ఆసుపత్రి గుమ్మం దగ్గరే మేస్త్రీ కాళ్లు మొరాయించాయి. ఫినాయిలు వాసన. భార్య ఆసుపత్రిలో ఉన్న పదకొండు రోజులూ అంతే, మెట్ల కింద బల్ల దాటి పైకి రాలేకపోయాడు. పైన జరిగినవన్నీ కూతురే చూసుకుంది, కాగితాలన్నీ కూతురే సంతకం పెట్టింది. పన్నెండో రోజు పొద్దున కిందికి దిగివచ్చి, "నిద్రలోనే పోయింది నాన్నా" అని చెప్పింది. అతను మళ్లీ ఏమీ అడగలేదు.

నిన్న సాయంత్రం ఇక్కడ కూడా గుమ్మం బయట బల్ల మీదే కూర్చుండిపోయాడు. దొరను గాజు తలుపున్న ఆక్సిజన్ పెట్టెలో ఉంచుకున్నారు. ఇవాళ మధ్యాహ్నం డాక్టరమ్మ ఇద్దర్నీ లోపలికి రమ్మంది. ఈసారి కూతురు చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది.

చిన్న గది. స్టీలు బల్ల, దాని మీద గీతలు పడ్డ రబ్బరు చాప, మూలన తూకం. గోడ మీద రెండు కుక్క తలల బొమ్మలు, నిలువునా కోసి లోపల చూపించినవి. ఒకటి పొడుగు ముక్కుది, ఒకటి దొర లాంటిది. డాక్టరమ్మకి యాభై దాటి ఉంటాయి. మాట నెమ్మది. చెడ్డ వార్తలు చెప్పీచెప్పీ నెమ్మదించిన మాట అది.

"పొద్దున రెండు నిమిషాలు మత్తిచ్చి గొంతులోకి చూశానండీ" అంది మేస్త్రీతో. "ఇదిగో, ఈ బొమ్మ చూడండి. పొడుగు ముక్కు కుక్కకి లోపల ఎంత కండ, ఎంత చర్మం ఉంటాయో దీనికీ అంతే ఉంటాయి. పుర్రె మాత్రం చిన్నది. అదంతా ఎక్కడికి పోతుంది? మడతలు పడి గాలి దారికి అడ్డంగా కూర్చుంటుంది."

మేస్త్రీ బొమ్మ వంక కాసేపు చూశాడు. "పదో నంబరు కాలికి ఆరో నంబరు బూటు" అన్నాడు.

"అంతేనండీ. నాకు పాతికేళ్లుగా ఇంత బాగా చెప్పడం రాలేదు."

మామూలుగా అయితే ఇలాంటి మెచ్చుకోలుకి మేస్త్రీ మీసం కదిలేది. ఇవాళ కదల్లేదు. "మా దొరకి జబ్బు అది కాదు డాక్టరమ్మా" అన్నాడు. "పుట్టినప్పట్నుంచీ దానికి గురక ఉంది. దాంతోనే ఎనిమిదేళ్లు దొరలాగే బతికింది. ఇప్పుడొచ్చింది వేరు. బెంగ. మందుల్లేని రోగం. దానికి మీరు కత్తి పెడతానంటే ఎక్కడని పెడతారు?"

చేతిలో సంచీ విప్పి చెప్పు తీసి బల్ల మీద పెట్టాడు. ముదురు గోధుమరంగు తోలు చెప్పు. మడమ అంచు పొడుగునా పళ్ల గాట్లు. పైన పట్టీ రెండుసార్లు మారింది, కుట్టు చూస్తే తెలుస్తుంది. "నిన్నట్నుంచి ఇది దాని దగ్గర లేదు. అందుకే అల్లాడుతోంది. ఇచ్చెయ్యండి. ఉన్నన్నాళ్లు ఉంటుంది."

డాక్టరమ్మ చెప్పు చేతిలోకి తీసుకుంది. మేస్త్రీ కథంతా చెప్పాడు, షాపులో చెప్పినట్టే, ఒక్క మాట తప్పకుండా. ఆమె మధ్యలో అడ్డు రాలేదు. చివర్న మాత్రం, "నిద్రలో నోట్లోంచి చెప్పు జారిపోతే ఏం చేస్తుంది?" అని అడిగింది.

"ఎగిరిపడి లేస్తుంది. పిచ్చిదానిలా వెతుక్కుంటుంది. చూస్తే గుండె తరుక్కుపోతుంది తల్లీ."

"మళ్లీ దొరికాక?"

"కరుచుకుని హాయిగా పడుకుంటుంది."

"ఏ భాగం కరుచుకుంటుంది? ఎప్పుడూ ఒకటేనా?"

"మడమ." మేస్త్రీ గొంతులో కొంచెం గర్వం వచ్చింది. "ఎప్పుడూ మడమే. ముందరి భాగం ముట్టుకోదు. మనిషి వాసన మడమ దగ్గరే కదా ఎక్కువ నిలిచేది. మా పనివాళ్లకి తెలుసు అది."

డాక్టరమ్మ కూతురి వైపు చూసింది. ఆ చూపు ఏమిటో కూతురికి వెంటనే అందింది. కళ్లద్దాల షాపులో ఆమె చేసే పని చూపు పరీక్ష చేయడమే. కొందరికి పై వరసలో ఉన్న పెద్ద అక్షరం కూడా కనబడదు. కనబడటం లేదని వాళ్లకి చెప్పే ముందు తనూ ఇలాగే పక్కనున్న మనిషి వంక చూస్తుంది.

"ఎలా చెప్పాలో తెలియడం లేదండీ" అంది డాక్టరమ్మ. "దొర ముక్కు రంధ్రాలు దాదాపు మూసుకుపోయి ఉన్నాయి. నోటితోనే గాలి పీల్చుకోవాలి. నిద్రపట్టగానే నోరు మూసుకుంటుంది కదా, అప్పుడు ఊపిరాడదు. ఉలిక్కిపడి లేస్తుంది. అందుకని ఇలాంటివి ఏదో ఒకటి పళ్ల మధ్య అడ్డం పెట్టుకుని పడుకోవడం నేర్చుకుంటాయి. బంతి, బొమ్మ, చెక్కముక్క, ఏదైనా సరే. నోరు తెరిచి ఉంచాలి, అంతే. చెప్పులో మందంగా ఉండేది మడమే."

మేస్త్రీ నవ్వాడు. చిన్నపిల్లలు తెలిసీ తెలియక ఏదో అంటే పెద్దవాళ్లు నవ్వే నవ్వు. "మీరు చదువుకున్నవాళ్లు. ఎన్నో కుక్కల్ని చూసుంటారు. మా ఇంట్లో జరిగింది మీరు చూడలేదు. ఆమె పోయిన రోజు నుంచి పట్టుకుంది ఆ చెప్పు. అంతకుముందు దాని జోలికే పోలేదు. మీరు చెప్పేదే నిజమైతే అంతకుముందు దేన్ని పెట్టుకుని పడుకుందట?" ఆ పైన కూతురి వైపు తిరిగాడు. "నువ్వు చెప్పమ్మా. మీ అమ్మ ఉండగా ఇది ఆ చెప్పు ముట్టిందా ఎప్పుడైనా?"

అబద్ధం చెప్పడానికి ఇంత వీలైన చోటు ఆమెకి జీవితంలో మళ్లీ దొరకదు. ముట్టలేదు నాన్నా అంటే అయిపోయేది. ఆయన దొరను ఇంటికి తీసుకుపోయేవాడు. అది రెండు రోజులో నాలుగు రోజులో ఉండి, ఆయన చేతుల్లోనే ఊపిరాడక పోయేది. ఆయన మాత్రం దాన్ని బెంగ అనుకుంటూ శేషజీవితం గడిపేవాడు. నిజం చెబితే దొర బతుకుతుందన్న భరోసా ఏమీ లేదు, ఆయనకి మిగిలిన ఒక్క తోడూ మాత్రం ఇప్పుడే ఈ గదిలోనే పోతుంది.

"ముట్టింది నాన్నా" అంది.

"ఎప్పుడు?"

"అమ్మ పోవడానికి ముందు ఎండాకాలం. నువ్వు పొద్దున్నే షాపుకి పోతే మళ్లీ చీకటిపడ్డాకే కదా వచ్చేది. మధ్యాహ్నం అమ్మ నాకు ఫోన్ చేసేది. 'ఈ దొంగవెధవ నా ఎడం చెప్పు ఎత్తుకెళ్లి మంచం కింద పడుకున్నాడే, ఒంటి చెప్పుతో గేటు దాకా కుంటుకుంటూ పోయొచ్చాను' అని ఒకటే నవ్వు. రోజూ అదే గోల. నువ్వు వచ్చే వేళకి లాక్కుని కడిగి గుమ్మంలో పెట్టేసేది."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు కుట్టిన చెప్పు నాశనం చేశాడని వాడిని తిడతావని."

మేస్త్రీ స్టీలు బల్ల అంచు పట్టుకున్నాడు. "అది కాదు" అన్నాడు. కాసేపటికి మళ్లీ, "అది వేరు, ఇది వేరు" అన్నాడు.

"ఒక్కసారి ఇటు రండి" అని డాక్టరమ్మ పక్కగది తలుపు తీసింది.

గాజు పెట్టెలో దొర పడుకుని ఉంది. ముందరికాళ్లు చాపుకుని, తల కిందికి వాల్చి, గాఢంగా నిద్రపోతోంది. పక్కటెముకలు ఎగసిపడుతున్నాయి, గొంతులోంచి రంపం కోసినట్టు చప్పుడు వస్తూనే ఉంది. కానీ నిద్ర మాత్రం నిజం. దాని పళ్ల మధ్య తెల్లగా, గుండ్రంగా ఒక బ్యాండేజీ చుట్ట ఉంది. మందుల షాపులో దొరికేలాంటిది.

"పొద్దున నేనే పెట్టానండీ" అంది అక్కడున్న నర్సు. నడివయసు మనిషి, మంచివార్త చెబుతున్నాననుకుంది పాపం. "ఒకటే ఇదైపోతుంటే చూళ్లేక పెట్టాను. పెట్టగానే పడుకుంది. నాలుగు గంటలైంది, లేవలేదు."

మేస్త్రీ అద్దం దగ్గరికి వంగాడు. "దొరా" అని పిలిచాడు. అది లేవలేదు. బ్యాండేజీ చుట్టకి ఏ వాసనా లేదు. అది ఎవరిదీ కాదు, ఎవరూ తొడుక్కున్నది కాదు. దాన్నే పట్టుకుని దొర హాయిగా నిద్రపోతోంది. మేస్త్రీ అలా వంగే ఉన్నాడు, అద్దం మీద తన ఊపిరి ఆవిరి పట్టి కుక్క కనబడకుండా పోయేదాకా.

ఇంతటితో సరిపోయిందనుకుంటే ఇది మా మేస్త్రీ కథ కాదు. గోరుచుట్టు మీద రోకటిపోటు ఇంకా మిగిలే ఉంది. అది ఆయన తన చేత్తో తనే వేసుకున్నది.

మళ్లీ గదిలోకి వచ్చాక డాక్టరమ్మ మామూలుగా అడగాల్సిన ప్రశ్నే అడిగింది. "నిద్ర బాగా తగ్గిపోయి ఎన్నాళ్లైంది?"

"మూడు నెలలు" అంది కూతురు. "చెప్పు ఉన్నా పడుకోవడం లేదు. కూర్చునే కునుకు తీస్తుంది, గడ్డం గోడకి ఆనించి. చెప్పు కరుస్తుంది, వదిలేస్తుంది, మళ్లీ కరుస్తుంది. నురగ కక్కుతుంది. బెంగ ఎక్కువైందన్నాడు నాన్న."

"మూడు నెలల కింద ఇంట్లో ఏమైనా మారిందా? మంచం, గది, తిండి?"

కూతురు లేదని తల ఊపింది. మేస్త్రీ ఊపలేదు. చెప్పు వంక చూస్తున్నాడు. అతని మొహం రంగు మారడం చూస్తే తెలిసింది కూతురికి, ఏదో రాబోతోందని.

"మడమ" అన్నాడు.

"ఏంటి నాన్నా?"

"చెక్క మడమ ఉండేది దానికి. నేనే చెక్కాను, వేలెడు ఎత్తు, పైన తోలు తొడుగు. దొర చిగుళ్లు ఒరుసుకుపోయి నెత్తురొస్తోందని..." ఆగాడు. "ముసలిదైపోతోంది, పళ్లు కదులుతున్నాయి, పాపం ఎందుకు నొప్పి అని చెక్క తీసేశాను. తీసేసి స్పాంజి పెట్టి కుట్టాను. పైకి తెలియకుండా కుట్టాను. మెత్తగా ఉంటుందని."

డాక్టరమ్మ చెప్పు మడమను రెండువేళ్ల మధ్య పట్టుకుని నొక్కింది. అట్టముక్కంత పలచగా అణిగిపోయింది. వదిలితే మెల్లగా లేచింది.

నలభై ఏళ్లు ఆ చేతులు ఎంతోమందికి ఎక్కడ ఒరుసుకుంటుందో అడిగి, అక్కడ మెత్త పెట్టి పంపించాయి. ఆ పనితనమే దొర గొంతు పట్టుకుంది. మూడు నెలలు కంటిమీద కునుకు లేకుండా చేసింది. దానికి ఊపిరి అందకపోతుంటే ఆయన వీపు నిమురుతూ, నీకు నా మీద కంటే ఆమె మీదే ప్రేమ అని మురిసిపోయాడు. ఇంతకంటే ఘోరమైన మాట నాకు రాయడానికి దొరకడం లేదు.

"మీవల్ల కాదండీ" అంది డాక్టరమ్మ తొందరగా. "ఇది మూడు నెలల్లో వచ్చేది కాదు. ఏళ్ల తరబడి బలవంతంగా గాలి లాగీలాగీ గొంతులో ఉండే మెత్తటి ఎముక లోపలికి ఒరిగిపోతుంది. నిద్రలేక ఇంకాస్త తొందరపడి ఉంటుంది, అంతే."

"ఎంత తొందర?"

ఆమె చెప్పును నెమ్మదిగా బల్ల మీద పెట్టి, మేస్త్రీ వైపు జరిపింది.

"చేసెయ్యండి" అన్నాడు మేస్త్రీ. "ఆపరేషన్. ఏం కొయ్యాలో కోసెయ్యండి. ముక్కు పెద్దది చెయ్యండి, ఆ మడతలు తీసెయ్యండి. ఇవాళే చెయ్యండి."

నిన్నంతా కూతురు వినాలనుకున్న మాట ఇదే. ఇప్పుడు విని సంతోషపడటానికి ఆమె దగ్గర ఏమీ మిగల్లేదు, ఎందుకంటే డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. మంచిమాట చెప్పేవాళ్లు నిలబడే చెబుతారు.

"రెండేళ్ల కిందైతే నేనే బతిమాలి చేయించేదాన్ని" అంది. "ఇప్పుడు ముక్కు వెడల్పు చేయొచ్చు, అంగుడు వెనక వేలాడే కండ కత్తిరించొచ్చు. ఒరిగిపోయిన గొంతుని మాత్రం నిలబెట్టలేను. ఈ దశలో పది కుక్కలకి చేస్తే నాలుగు లేస్తాయి. లేచినవాటికి కూడా మొదటి రెండు రోజులు గండం, వాపు వస్తుంది. ఒక్కోసారి మెడకి కన్నం పెట్టి అందులోంచే గాలి ఆడేలా ఉంచాల్సి వస్తుంది. చెయ్యకపోతే మీ ఇష్టం అనడానికి కూడా లేదు, పెట్టెలోంచి బయటికి తీస్తే సాయంత్రం దాకా ఉంటుందని చెప్పలేను. రేపు పొద్దున చేస్తాను. కాగితం ఇప్పుడే ఇవ్వాలి."

కాగితం ఒక్కటే. పైన దొర పేరు, వయసు, బరువు. కింద అంగీకారం, సంతకం చేసే చోటు. సంతకానికి పైన ఒక వాక్యం, దాని పక్కన రెండు గడులు. తెరిచి చూశాక బాగుచేసే స్థితి లేకపోతే ఏం చేయాలి? ఒక గడి, మత్తు దింపి లేపాలి. రెండో గడి, మత్తులో ఉండగానే సాగనంపాలి.

"ఏ గడిలో టిక్కు పెట్టాలో నేను చెప్పలేను. అది ఇంటివాళ్లే పెట్టాలి" అంది డాక్టరమ్మ. నర్సు పిలిస్తే లేచి పక్కగదిలోకి వెళ్లింది.

ఇది బాగుందా, ఇది బాగుందా? కూతురు రోజూ యాభైమందిని అడుగుతుంది, కళ్ల ముందు అద్దాలు మారుస్తూ. రెండూ బాగాలేవు, ఇంకోటి చూపించమంటారు కొందరు మొండివాళ్లు. ఉన్నవి ఈ రెండేనండీ అని విసుక్కుంటుంది. ఇప్పుడు తనకి ఇంకోటి కావాలి.

మేస్త్రీ కళ్లద్దాలు పెట్టుకున్నాడు. అవి కూతురు చేయించి ఇచ్చినవే. కాగితం దగ్గరగా పట్టుకుని, పెదవులు కదుపుతూ చదివాడు. ఆ రెండు గడుల దగ్గరికి వచ్చి ఆగాడు. మళ్లీ మొదట్నుంచి చదివాడు. మళ్లీ అక్కడే ఆగాడు. తోలు కత్తిరించే ముందు గీత మీద బొటనవేలు పెట్టి చూసుకునే అలవాటు ఆయనకి. అలాగే ఆ వాక్యం మీద వేలు పెట్టాడు. గోడ అవతల రంపం కోత వినిపిస్తూనే ఉంది.

"నీకిది కొత్త కాదు కదమ్మా" అన్నాడు.

"ఏది నాన్నా?"

"ఈ కాగితం." తల ఎత్తలేదు. "కుక్కకే అడుగుతున్నారంటే మనిషికి అడక్కుండా ఉండరు. మీ అమ్మకి ఆ పదకొండు రోజులూ అన్నీ నువ్వే సంతకం పెట్టావు. నేను మెట్లెక్కి రాలేదు. నిద్రలోనే పోయిందన్నావు, సరే అన్నాను. ఇవాళ దాకా నిన్ను అడగలేదు. చెప్పు గురించి నిజం చెప్పావు కాబట్టి ఇప్పుడు అడుగుతున్నాను." వేలు మొదటి గడి మీదనుంచి రెండో గడి మీదికి జరిగింది. "పైన నిన్ను ఇలాంటి మాట అడిగారా?"

కూతురు చెప్పును దగ్గరికి తీసుకుంది. మడమ ఆమె చేతిలో అణిగిపోయింది.

"అడిగారు నాన్నా" అంది.

మేస్త్రీ పెన్ను మూత తీసి ఆమె ముందు పెట్టాడు. "అప్పుడు ఏ గడిలో పెట్టావు?"